చదివిన పుస్తకానికి పదిమందికీ పనికొచ్చే రివ్యూ రాయడం ఎలా

"అద్భుతం! అందరూ తప్పక చదవాల్సిన పుస్తకం." ఐదు స్టార్లు.

"డబ్బులు దండగ." ఒక్క స్టారు.

ఒకే పుస్తకానికి, ఒకదాని కింద ఒకటి. రెండూ చదివాక కూడా అది నవలో, కవిత్వమో, వ్యాసాలో తెలీదు. రాసినవాళ్లిద్దరూ అబద్ధం చెప్పలేదు. ఒకరికి తెగ నచ్చింది, ఒకరికి ఒళ్లు మండింది. కానీ ఆ మాటలు వాళ్ల సంగతి చెప్తున్నాయి, పుస్తకం సంగతి కాదు. కొనాలా వద్దా అని ఊగిసలాడుతూ వచ్చిన మనిషి వచ్చినట్టే వెళ్లిపోతాడు.

రివ్యూలు రాయడం మొదలుపెట్టిన కొత్తలో నేనూ ఇలాంటివే రాశాను. ఇప్పుడు పోస్ట్ చేసేముందు ఒక్క ప్రశ్న వేసుకుంటాను. నా అభిరుచికి పూర్తిగా ఎదురుగా ఉన్న మనిషి ఇది చదివి, "ఈవిడకి నచ్చలేదు సరే, చెప్పినదాన్ని బట్టి చూస్తే నాకు మాత్రం నచ్చేలా ఉంది" అని తేల్చుకోగలడా? తేల్చుకోగలిగితే ఆ రివ్యూ పని చేసినట్టే. మనతో ఏకీభవించేవాళ్లకి పనికొచ్చే రివ్యూ ఎవరైనా రాస్తారు. కింద చెప్పే మెట్లన్నీ మన అభిరుచికి ఎదురుగా ఉన్న ఆ మనిషి కోసం.

చదివేటప్పుడే గుర్తులు పెట్టుకోండి

చివరి పేజీ అయ్యాక మొదలుపెడదాంలే అనుకుంటే అప్పటికే ఆలస్యం అయిపోతుంది. పది రోజులు గడిస్తే మనకి మిగిలేది ముగింపు, ఒకటి రెండు సన్నివేశాలు, "బానే ఉంది" అనో "ప్చ్" అనో ఒక భావం. దాంతో రాస్తే పైన చూసిన రివ్యూలే వస్తాయి.

పెద్ద పద్ధతేమీ అక్కర్లేదు. పేజీ నంబరు, పక్కన నాలుగు మాటలు. నా నోట్సు ఇలా ఉంటాయి: "43, తల్లి మాటకి గట్టిగా నవ్వొచ్చింది." "112, ఇది ఇందాకే చెప్పాడు కదా!" "187, ఎవరీ మనిషి? వెనక్కెళ్లి వెతుక్కున్నా." ఈ-బుక్ అయితే పేజీకి బదులు శాతం రాసుకుంటాను. గుర్తు పెట్టాల్సినవి ముఖ్యంగా మూడు చోట్లు: వెనక్కి తిరిగి మళ్లీ చదివిన చోటు, పుస్తకం మూసేసి ఫోన్ తీసిన చోటు, ఇంకొకరికి చదివి వినిపించాలనిపించిన చోటు. రెండోదానితో కాస్త జాగ్రత్త. ఫోన్ తీసిన పాపం ప్రతిసారీ పుస్తకానిది కాదు. రాత్రి పన్నెండింటికి నిద్ర కళ్లతో చదివిన అధ్యాయం మీద తీర్పు చెప్పబోయే ముందు పొద్దున మళ్లీ ఓ రెండు పేజీలు చూసుకోండి.

ఇంకొకటి. మీది రాసేదాకా వేరేవాళ్ల రివ్యూలు చదవకండి. వాళ్ల అభిప్రాయం మనకి అంటుకుంటుందేమోనన్నది నా భయం కాదు, దానికి ఎదురు తిరగొచ్చు. వాళ్ల మాటలు అంటుకుంటాయి. "గుండెని మెలిపెట్టే కథనం" అని ఎక్కడో చదివారంటే, రాసేటప్పుడు మీకు తట్టేదీ అదే.

పుస్తకం ఏం చేద్దామనుకుందో ముందు ఒక్క వాక్యంలో రాయండి

ఇది రివ్యూలో పెట్టక్కర్లేదు, మీ కోసమే. "ఇది ఒక రాత్రిలో చదివించేయాలనుకున్న నేరపరిశోధన నవల." "ఇది జబ్బుపడిన తండ్రి దగ్గర కూర్చుని రాసుకున్న జ్ఞాపకాలు." ఈ ఒక్క వాక్యం రాసుకుంటే సగం అన్యాయపు రివ్యూలు పుట్టకుండానే ఆగిపోతాయి. అమెరికన్ రచయిత జాన్ అప్‌డైక్ 1975లో వచ్చిన తన వ్యాసాల పుస్తకంలో సమీక్షకులకి కొన్ని నియమాలు చెప్పాడు. అందులో మొదటిదాని సారాంశం ఇదే: రచయిత ఏం చేయాలనుకున్నాడో అర్థం చేసుకోండి, చేయబోనిదాన్ని చేయలేదని తప్పు పట్టకండి. హంతకుడెవరన్న ఉత్కంఠ కోసం రాసిన నవలలో జీవిత సత్యాలు లేవని రెండు స్టార్లు ఇవ్వడం, నెమ్మదిగా సాగే కుటుంబ కథలో మలుపుల్లేవని విసుక్కోవడం మనం రోజూ చూసేవే.

మన ఆశలు రేటింగ్‌ని ఎంత లాగుతాయో చెప్పే పరిశోధన ఒకటుంది. 2014లో అచ్చయింది. పేరున్న సాహిత్య బహుమతులు గెలిచిన పుస్తకాలనీ, తుది జాబితా దాకా వచ్చి గెలవని పుస్తకాలనీ జతలుగా పెట్టి, పాఠకులు పుస్తకాలకి స్టార్లు, రివ్యూలు ఇచ్చే గుడ్‌రీడ్స్ సైటులో వాటికొచ్చిన 38,817 రివ్యూలు పోల్చి చూశారు. బహుమతి ప్రకటించాక గెలిచిన పుస్తకాల రేటింగే ఎక్కువ పడిపోయింది. పుస్తకంలో అక్షరం మారలేదు, చదివేవాళ్లు మారారు. అలాంటివి మామూలుగా ముట్టుకోనివాళ్లు కూడా బహుమతి చూసి చదివి, ఇంతేనా అనుకున్నారు. కాబట్టి మీరు ఏ ఆశతో తెరిచారో రివ్యూలో ఒక్క ముక్క చెప్పేయండి. "స్నేహితులు అంత పొగిడారని తీశాను" అన్న మాట చదివేవాడికి మీ తూకంలో ఎంత తరుగు తీయాలో చెప్తుంది.

ఇప్పుడు రాయండి: ఒక రివ్యూని విప్పి చూద్దాం

ఊహకి ఒక నవల పెట్టుకుందాం. తండ్రి పోయాక పాత ఇల్లు అమ్మాలా వద్దా తేల్చుకోవడానికి ముగ్గురు తోబుట్టువులు ఆ ఇంట్లో కలుస్తారు. నాలుగు రోజుల కథ, 340 పేజీలు. ఒక్కో అధ్యాయం ఒక్కొక్కరి గొంతులో. చదివిన పాఠకుడు ఇలా రాశాడనుకోండి:

"చాలా స్లో. క్యారెక్టర్స్‌తో కనెక్ట్ అవలేకపోయా. ఎండింగ్ బాలేదు. 2 స్టార్లు."

మూడు ఫిర్యాదులు. మూడూ నిజమే అయ్యుండొచ్చు. ఆ పాఠకుణ్ణి నేనే అనుకుని ఒక్కోదాన్నీ పట్టుకుని "అంటే?" అని అడుగుదాం.

స్లో అంటే? ఎక్కడ? నోట్సు చూస్తే, మొదటి 120 పేజీల్లో వాళ్లు తండ్రి అలమరా ఖాళీ చేయడమే ఉంది. కళ్లజోడు డబ్బాకి ఒకటిన్నర పేజీ, ఆగిపోయిన చేతి గడియారానికి మూడు పేజీలు. అంటే రచయితకి చేతకాక నత్తనడక నడవలేదు. కావాలనే వస్తువుల చుట్టూ తిరిగాడు. నాకు విసుగేసింది, అది నిజం. కానీ ఇలాంటి రాతని ప్రాణంగా చదివేవాళ్లున్నారు, "స్లో" అనే మాట వాళ్లకి ఏమీ చెప్పదు, "చేతి గడియారానికి మూడు పేజీలు" అనేది అంతా చెప్పేస్తుంది. వాళ్లు అక్కడికక్కడే కొనేస్తారు, ఇంకొకరు అక్కడికక్కడే మానేస్తారు. ఇద్దరికీ మేలు చేసిన వాక్యం అది.

కనెక్ట్ అవలేకపోవడం అంటే? ఈ మాట మీద నాకు ప్రత్యేకంగా కోపం. పాత్ర నచ్చలేదా, నమ్మబుద్ధి కాలేదా, అర్థం కాలేదా? మూడూ వేరు. మళ్లీ నోట్సు: "అధ్యాయం మొదట్లో పేరు లేకపోతే ఎవరు మాట్లాడుతున్నారో తెలీడం లేదు." ఇది అసలైన లోపం. పెద్దాయన రిటైరైన లెక్కల మాస్టారు, చిన్నామె నెలల తరబడి ఓడల్లో ఉండే ఇంజనీరు. ఇద్దరూ అంతే పొడవు వాక్యాల్లో, అవే ఉపమానాలతో ఆలోచిస్తారు. మూడు గొంతులు వినిపిస్తానని ఒప్పుకున్న నవల ఒకే గొంతు వినిపించింది. ఇక్కడ పుస్తకం తను పెట్టుకున్న లెక్కలోనే తప్పింది కాబట్టి గట్టిగానే చెప్పొచ్చు.

ఎండింగ్ బాలేదు అంటే? ఇల్లు ఏమైందో చెప్పకుండా నవల ముగిసింది. నేను జవాబు కోసం ఎదురుచూశాను. ఇది నా ఆశకి తగిలిన దెబ్బ. పుస్తకం లోపమో కాదో ఖాయంగా చెప్పలేను, చెప్పలేనన్న సంగతే చెప్పాలి.

ఇప్పుడు అదే పాఠకుడు, అదే అసంతృప్తితో:

"తండ్రి ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చిన ముగ్గురు తోబుట్టువుల నాలుగు రోజుల కథ. సంఘటనలు తక్కువ, వస్తువులు ఎక్కువ. మొదటి మూడో వంతు అలమరాలు సర్దడమే, చేతి గడియారం ఒక్కదానికే మూడు పేజీలు. నాకు అక్కడ ఓపిక సన్నగిల్లింది, కానీ ఆ మూడు పేజీలూ బాగా రాశాడని ఒప్పుకోవాలి. నా అసలు ఇబ్బంది వేరు. అధ్యాయాలు ముగ్గురి గొంతుల్లో నడుస్తాయి గానీ పైన పేరు తీసేస్తే ఎవరెవరో పోల్చుకోలేం. లెక్కల మాస్టారూ ఓడ ఇంజనీరూ ఒకేలా ఎలా ఆలోచిస్తారు? దాంతో వాళ్ల గొడవల్లో ఎవరి పక్షాన నిలబడాలో నాకు తెలియలేదు. అన్నదమ్ముల మధ్య రాత్రి వరండాలో జరిగే ఒక్క సంభాషణ మాత్రం చాన్నాళ్లు గుర్తుంటుంది. కథ ఎటో ఒకవైపు తేలాలనుకునేవాళ్లు ఆలోచించుకుని తీయండి."

ఎనభై పదాలే. చివరి వాక్యంలో ముగింపు ఏంటో చెప్పలేదు, దాని స్వభావం మాత్రం సూచించింది. ఆ మాత్రం సూచన కూడా వద్దనేవాళ్లుంటారు, నేను ఉండాలంటాను. ఇంకో సంగతి గమనించారా? ఇలా రాసుకుంటూ పోతే ఆ రెండు స్టార్లు మూడైపోతాయి. గడియారం పేజీలు, వరండా సంభాషణ అప్పటిదాకా లెక్కలోకే రాలేదు మరి. అందుకే స్టార్లు రాయడం అయ్యాక ఇవ్వాలి, ముందు కాదు.

పొగడటం ఇంతకంటే కష్టం

నచ్చని పుస్తకానికి కారణాలు వెతుకుతాం. నచ్చినదానికి విశేషణాలు వెతుకుతాం. మన భాషలో అవి అచ్చు పోసి సిద్ధంగా ఉన్నాయి కూడా: ఆద్యంతం ఆసక్తికరం, మనసుని హత్తుకుంది, ఏకబిగిన చదివించింది, కళ్లు చెమర్చాయి, చేయి తిరిగిన రచయిత, అక్షరాలు పరుగులు తీశాయి, ప్రతి ఒక్కరి ఇంట్లో ఉండాల్సిన పుస్తకం. వీటిని కనిపెట్టడానికి చిన్న పరీక్ష. రివ్యూలో పుస్తకం పేరు తీసేసి ఇంకో పుస్తకం పేరు పెట్టండి. వాక్యం అలాగే సరిపోతే కొట్టేయండి. కొట్టివేతలు అయ్యాక ఏమీ మిగల్లేదంటే ఇంకా రాయడం మొదలవలేదన్నమాట.

కళ్లు చెమర్చాయనే రాయండి, తప్పులేదు, కానీ ఏ పేజీలో? కూతురు ఉత్తరం చింపేసిన చోటా, లేక చింపిన ముక్కలు తండ్రి ఏరుకున్న చోటా? వీలైతే పుస్తకంలోంచి రెండు వాక్యాలు ఎత్తి చూపండి. శైలి బావుందని మీరు పది మాటల్లో చెప్పేది ఆ రెండు వాక్యాలు వాటంతటవే చెప్తాయి. పేజీలకి పేజీలు మాత్రం దింపకండి, ఫోటోలు తీసి పెట్టకండి. అది రివ్యూ కాదు, చోరీ.

"అందరూ చదవాలి" అనకండి. అందరూ చదవాల్సిన పుస్తకం ఇంకా ఎవరూ రాయలేదు. ఎవరు చదవాలో చెప్పండి, ఎవరికి పడదో కూడా చెప్పండి. నిజానికి ఆ రెండోదే ఎక్కువ పనికొస్తుంది.

కథ ఎంతవరకు చెప్పొచ్చు

నా మొదటి రివ్యూల్లో ఒకటి డిటెక్టివ్ నవల మీద. రెండో వాక్యంలోనే, "అల్లుడే హంతకుడని నేను మొదట్లోనే కనిపెట్టేశాను" అని గొప్పలు పోయాను. మర్నాడు ఒకరు కింద రాశారు: "మీ పుణ్యమా అని నేనూ కనిపెట్టేశాను, ఇంకా పుస్తకం తెరవకుండానే." అప్పటినుంచి నాకు నేను పెట్టుకున్న హద్దు: అట్ట వెనక ఉన్నంత కథ, ఇంకా కావలిస్తే మొదటి నాలుగో వంతులో జరిగేదాకా. ఆ తర్వాత జరిగేవాటిలో సంఘటన చెప్పను, దాని తీరు చెప్తాను. "మధ్యలో ఒక మలుపు వస్తుంది, దానికి ముందు ఆధారాలు సరిగా వేయలేదు" అంటే చాలు.

ముగింపు ముందే తెలిసినా కథ ఆనందం తగ్గదని 2011లో అమెరికాలో 12 కథలతో చేసిన ఒక ప్రయోగం చెప్పింది. అయితే కావచ్చు. తెలుసుకోవాలో వద్దో తేల్చుకునే హక్కు చదవబోయేవాడిది, ఆ ప్రయోగం చూపించి మనం దాన్ని లాక్కోకూడదు. ముగింపు చర్చిస్తే గానీ కుదరని పుస్తకాలుంటాయి. గుడ్‌రీడ్స్‌లో అయితే అలాంటి వాక్యాలు నొక్కితే తప్ప కనబడకుండా దాచే ఏర్పాటుంది. అది లేని చోట ముందే హెచ్చరిక రాసి, కొన్ని ఖాళీ వరసలు వదిలి, ఆ ముక్క అడుగున పెట్టండి. "స్పాయిలర్ అలర్ట్" అని రాసి తర్వాతి మాటే స్పాయిలర్ అయితే లాభం లేదు, కన్ను మెదడు కంటే ముందు పరిగెడుతుంది.

స్టార్ల లెక్క

స్టార్ల అర్థం అన్ని చోట్లా ఒకటి కాదు. గుడ్‌రీడ్స్‌లో మూడు స్టార్లంటే "నచ్చింది", రెండంటే "పర్లేదు". అమెజాన్‌లో రివ్యూలని వడకట్టి చూస్తే అదే మూడు స్టార్లు విమర్శల గంపలో పడతాయి, నాలుగూ ఐదూ మాత్రమే మెచ్చుకోళ్లు. గుడ్‌రీడ్స్ లాంటివే ఇంకో రెండు సైట్లున్నాయి: స్టోరీగ్రాఫ్‌లో పావు స్టారు కూడా ఇవ్వొచ్చు, లైబ్రరీథింగ్‌లో అర స్టారు. ఒకే రివ్యూ రెండు చోట్ల పెట్టేటప్పుడు స్టార్లు కూడా యథాతథంగా దించేస్తే ఒక చోట మీరు చెప్పింది నిజం, రెండో చోట అబద్ధం.

మీ లెక్క మీరు పెట్టుకోండి, పెట్టుకున్నాక దానికి కట్టుబడండి. నా లెక్కలో ఐదు అంటే మళ్లీ చదువుతాను. నాలుగు అంటే వెతికి ఇంకొకరికి ఇస్తాను. మూడు అంటే చదివినందుకు బాధ లేదు. రెండు అంటే పుస్తకం తను అనుకున్నది చేయలేకపోయింది. ఒకటి దాదాపు వాడను. తప్పుడు వైద్య సలహా, ఇంకొకరి రాతని ఎత్తి రాయడం, అలాంటివాటికి అట్టేపెట్టుకున్నాను. 2006లో పుస్తకాల అమ్మకాల మీద వచ్చిన ఒక పరిశోధన, ఐదు స్టార్ల రివ్యూ చేసే మేలు కంటే ఒక స్టారు రివ్యూ చేసే చెరుపు ఎక్కువని తేల్చింది. బరువైన ఆయుధం కాబట్టి బయటికి తీసేముందు కాస్త ఆలోచించాలి.

పుస్తకానిది కాని తప్పు

పార్సిల్ ఆలస్యం, అట్ట నలిగింది, సైటులో ధర ఎక్కువ. వీటికి ఒక స్టారు ఇవ్వడం పోస్ట్‌మన్ మీద కోపం ఉత్తరం రాసినవాడి మీద చూపడం. అమ్మినవాళ్లకి ఫిర్యాదు చేయండి, వేరే చోటు ఉంటుంది. కానీ అచ్చుతప్పులు, ఊడిపోయే కుట్టు, భూతద్దం కావాల్సినంత చిన్న అక్షరాలు, ఈ-బుక్‌లో చెదిరిపోయిన పద్యాలు, ఇవి కొనేవాడికి తెలియాలి. రివ్యూ చివర విడిగా ఒక పేరాలో, ఏ ముద్రణ, ఏ సంవత్సరం అని రాసి చెప్పండి. తర్వాతి ముద్రణలో సరిచేస్తే మీ మాట అన్యాయంగా వెంటాడకూడదు కదా. చాలా సైట్లు ఒకే పుస్తకం అన్ని ముద్రణల రివ్యూలనీ ఒకే చోట కలిపేస్తాయి, అందుకే మీరు చెప్పకపోతే ఏ ప్రతి గురించో ఎవరికీ తెలీదు.

అనువాదాలకి ఇది మరీ అవసరం. ఒక పాత నవలకి నాలుగు అనువాదాలు ఉంటే నాలుగింటి రివ్యూలూ కలగాపులగం అయిపోతాయి. అనువాదకుల పేరు రివ్యూ మొదటి వరసలోనే రాయండి. మూలం చదవకపోతే "మూలానికి న్యాయం చేశారు" అనకండి, ఆ సంగతి మీకెలా తెలుసు? "తెలుగు సాఫీగా ఉంది, సామెతలు మాత్రం పరాయిగా తగిలాయి" అనొచ్చు, అది మీరు చూసిందే. ఆడియో పుస్తకమైతే చదివినవారి గొంతునీ రాసినవారి రాతనీ విడదీసి చెప్పండి.

వాస్తవాలు చెప్పే పుస్తకాలకి ఇంకో పని ఉంది. మీకు బాగా తెలిసిన విషయం మీద రచయిత ఏం రాశాడో వెతికి చూడండి. అక్కడ నాలుగు తప్పులు దొరికితే తెలియని చోట ఎన్నున్నాయో అనుకోవాల్సిందే. తప్పుని పేజీ నంబరుతో, సరైనది ఏమిటో కలిపి రాయండి. ఆధారాల పట్టిక ఉందా, విషయసూచిక ఉందా, సమాచారం ఏ ఏటిది, మామూలు పాఠకుడికి అర్థమవుతుందా లేక ముందే కొంత తెలిసుండాలా అన్నదీ చెప్పండి. కథల సంపుటి అయితే పదిహేను కథల సారాంశాలూ వద్దు, నిలిచిన మూడు, తేలిపోయిన ఒకటి చాలు. పిల్లల పుస్తకానికి చదివిన పిల్ల వయసు రాయండి, ఆ పిల్ల ఏ బొమ్మ దగ్గర ఆగిందో రాస్తే మరీ మంచిది.

సగంలో వదిలేస్తే

వదిలేసిన పుస్తకానికి రివ్యూ రాయకూడదనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఎందుకు వదిలేశారన్నది అచ్చంగా కొనేవాడికి కావాల్సిన సమాచారం. షరతు ఒక్కటే. మొదటి వాక్యంలోనే "40 శాతం దగ్గర ఆపేశాను" అని చెప్పాలి, ఆ తర్వాత అక్కడిదాకా చదివినదాని గురించే మాట్లాడాలి. పాత్ర ఎదగలేదని అనడానికి లేదు, మిగతా అరవై శాతంలో ఎదిగిందేమో. స్టార్లు వేయకుండా రివ్యూ ఒక్కటే పెట్టే వీలుంటే అలా చేయండి.

మొహమాటాలు, ఉచిత ప్రతులు

అందరం ఇరుక్కునేది ఇక్కడే. తెలిసినాయన పుస్తకం వేశాడు, "రెండు మాటలు రాయండి" అన్నాడు. రాయకపోతే బాధపడతాడు, ఉన్నది ఉన్నట్టు రాస్తే ఇంకా బాధపడతాడు. చివరికి "సరళమైన భాష, చక్కటి ముఖచిత్రం" అని రాసి బయటపడతాం. ముఖచిత్రం గురించి మాట మొదలైందంటే లోపల ఏముందో పాఠకులు పసిగట్టేస్తారనుకోండి. నేను చేసేది, ఆయనకి విడిగా ఉత్తరం రాసి, నచ్చినవీ నచ్చనివీ అన్నీ చెప్పి, ఆన్‌లైన్‌లో ఊరుకోవడం. అమెజాన్ నియమాల ప్రకారం కూడా దగ్గరి స్నేహితులు, ఇంట్లోవాళ్ల పుస్తకాలకి రివ్యూ రాయకూడదు. ఆ నియమం చూపించి తప్పించుకోవచ్చు, మొహమాటస్తులకి అదొక వరం.

ఉచితంగా ప్రతి పంపితే తీసుకోవచ్చు. అమెజాన్ 2016లో వస్తువులు ఉచితంగా ఇచ్చి రాయించుకునే రివ్యూలని ఆపేసినా పుస్తకాలకి మినహాయింపు ఉంచింది, రివ్యూ రాసి తీరాలని గానీ ఇలాగే రాయాలని గానీ షరతు పెట్టనంతవరకు. తీసుకున్నట్టు రివ్యూలో ఒక వాక్యం రాయండి. డబ్బు ఇస్తామంటే కుదరదని చెప్పండి. అమెరికాలో దొంగ రివ్యూల కొనుగోళ్లూ అమ్మకాలూ నిషేధిస్తూ 2024 అక్టోబరు నుంచి ప్రత్యేక నియమమే వచ్చింది.

దొంగ పేర్లతో సొంత డప్పు కొట్టుకోవడం కొత్తదేమీ కాదు. 2004లో అమెజాన్ కెనడా సైటులో ఏదో లోపం వల్ల మారుపేర్లతో రాసినవాళ్ల అసలు పేర్లు కొన్ని రోజులు బయటపడ్డాయి. చూస్తే వాళ్లలో కొందరు తమ పుస్తకాలకి తామే స్టార్లు వేసుకున్న రచయితలు! 2023లో ఇంకో వింత: ఇంకా అచ్చే కాని ఒక నవల మీద కోపంతో జనం వందల కొద్దీ ఒక స్టారు రేటింగులు వేస్తే, రచయిత్రి దాని విడుదల ఆపేసుకుంది. కోపం న్యాయమైనదే అనుకున్నా, చదవని పుస్తకానికి వేసిన స్టారు రివ్యూ కాదు. రచయిత ప్రవర్తన మీదో రాజకీయాల మీదో చెప్పాల్సింది ఉంటే, పుస్తకం రేటింగ్ బయట చెప్పండి.

ఉతికి ఆరేయాలని చేతులు దురద పెడితే

చీల్చి చెండాడే రివ్యూలు చదవడానికి బావుంటాయి, కాదనను. 1983లో వచ్చిన ఒక మనస్తత్వ పరిశోధన, తిట్టే సమీక్షకుణ్ణి పాఠకులు మెచ్చుకునేవాడి కంటే తెలివైనవాడిగా లెక్కేస్తారని, ఇష్టం మాత్రం అంతగా పెట్టుకోరని చూపింది. ఆ తెలివైనవాడనే పేరు కోసమే సగం వెటకారాలు పుడతాయని నా అనుమానం. రాసిన వెటకారాన్ని తీసేసి చూడండి. విషయం ఏమైనా తగ్గిందా? తగ్గకపోతే అది పుస్తకం గురించి కాదు, మీ గురించి. "రచయితకి రాయడం రాదు" అనేదాన్ని "ఈ పుస్తకంలో సంభాషణలు పేలవంగా ఉన్నాయి, ఉదాహరణకి ఇది" అని మార్చండి. "మీకెందుకండీ ఈ రాతలు" లాంటి మాటలకి చోటే లేదు.

కొత్త రచయిత కదా అని మొత్తం దాచేయడం కూడా న్యాయం కాదు. న్యూయార్క్ టైమ్స్ సమీక్షలనీ పుస్తకాల అమ్మకాలనీ పోల్చి 2010లో చేసిన పరిశోధనలో, పేరున్న రచయితలకి చెడ్డ సమీక్ష వస్తే అమ్మకాలు సుమారు 15 శాతం తగ్గాయి. పేరు తెలియనివాళ్లకి 45 శాతం పెరిగాయి. అసలు ఆ పుస్తకం ఒకటుందని జనానికి తెలిసింది కాబట్టి. కొత్తవాళ్ల పుస్తకానికి వివరంగా రాసిన మూడు స్టార్ల రివ్యూ, ఉత్త ఐదు స్టార్ల కంటే ఎక్కువ సాయం చేస్తుందని నా నమ్మకం.

పోస్ట్ చేసేముందు, చేశాక

ఒక రాత్రి ఆగండి. పొద్దున పైకి చదవండి. పాత్రల పేర్లు, రచయిత పేరు స్పెల్లింగు పుస్తకం తెరిచి సరిచూసుకోండి. పాత్ర పేరు తప్పు రాస్తే మిగతాదంతా ఎవరూ నమ్మరు. మొదటి రెండు వరసల్లో అసలు మాట ఉందో లేదో చూడండి. మిగతాది "ఇంకా చదవండి" వెనక దాక్కుంటుంది, చాలామంది దాన్ని నొక్కరు. ఎక్కువ భాగం పుస్తకాలకి నూట యాభై నుంచి మూడొందల పదాలు సరిపోతాయి. రాయడానికి ఏఐ సాయం తీసుకుంటే అచ్చుతప్పుల వరకే తీసుకోండి. అది పుస్తకం చదవలేదు, మీరు చదివారు.

పెట్టాక ఎవరో వచ్చి మీరు పుస్తకాన్ని అర్థం చేసుకోలేదంటారు. ఒక్కోసారి వాళ్లు చెప్పిందే నిజం అవుతుంది. ఒకసారి ఓ పుస్తకంలో కథ చెప్పేవాడే అబద్ధాలకోరని తెలీక, కథలో పొంతన లేదని రాశాను. ఒకావిడ 61వ పేజీలో మూడో వాక్యం చూడమంది. చూశాను, అక్కడే ఉంది. రివ్యూ తీసేయలేదు, పాత పేరా అలాగే ఉంచి కింద తేదీ వేసి, "61వ పేజీ నేను సరిగా చదవలేదు, పొంతన లేదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను" అని చేర్చి, రెండు స్టార్లని నాలుగు చేశాను. ఐదోది ఇవ్వలేదు. అచ్చుతప్పులు నిజంగానే ఎక్కువున్నాయి.